ఆదివారం ఆరాధనలో సంఘం గొంతు వినపడాలంటే

తమ్ముడూ, వందనాలు. మీ ప్రశ్న నిదానంగా చదివాను. గాజువాక వైపు 150 మంది దాకా కూడుకునే సంఘంలో పాస్టర్ గారు ఆరాధన బాధ్యత మీ చేతిలో పెట్టారు. కీబోర్డు, ప్యాడ్స్, గిటారు, పాడడానికి నలుగురు, ఏ లోటూ లేదు. అయినా పైన పాట సాగుతుంటే కింద జనం ఊరికే నిలబడి చూస్తున్నారు. పెద్దవాళ్లు పాత కీర్తనలు అడుగుతున్నారు, కుర్రాళ్లకు యూట్యూబ్‌లో కొత్తగా వచ్చినవి కావాలి. ముందే అంతా రాసుకుంటే పరిశుద్ధాత్మ నడిపింపుకు చోటెక్కడ అని ఒక పెద్దాయన అడిగేసరికి మీకు టెన్షన్ పట్టుకుంది. విశాఖలో రకరకాల సంఘాల్లో చాలా ఏళ్లుగా ఈ పరిచర్య చేస్తున్నదాన్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తాను.

ముందుగా ఒక మాట. ఆరాధించాల్సింది సంఘం. మీ బృందం ఉన్నది సంఘానికి సాయం చేయడానికి. బంతిలో వడ్డించేవాళ్లు ఎంత అందంగా నడిచారో ఎవరూ చూడరు. చివరి వరసలో కూర్చున్న ముసలావిడ విస్తట్లోకి అన్నం వచ్చిందా లేదా అన్నదే లెక్క. ఏ పాట ఎంచుకున్నా, ఏ స్కేల్ పెట్టినా, ఎవరి చేత ప్రార్థన చేయించినా ఈ ఒక్కటి చూసుకోండి: దీనివల్ల సంఘం నోరు తెరుస్తుందా, మూసుకుంటుందా?

ఆ పెద్దాయనతో వాదనకు దిగకండి. కాగితం చూసి గబగబా చదివేసి ముగించే ఆరాధనలు ఆయన చూసే ఉంటారు, ఆ భయం సబబే. కానీ కొరింథు సంఘాన్ని చూడండి. కృపావరాలకు లోటు లేని సంఘం అది. ఒకరు కీర్తనతో, ఒకరు బోధతో, ఒకరు ఆత్మ పలికించే తెలియని భాషతో లేస్తున్నారు. మొదటి కొరింథీయులకు 14వ అధ్యాయంలో పౌలు వాళ్లను మానెయ్యమనలేదు. వంతుల చొప్పున మాట్లాడమన్నాడు, సమస్తం క్షేమాభివృద్ధి కోసం జరగాలన్నాడు, అధ్యాయం చివర మర్యాద, క్రమం అన్నాడు. ఆత్మ వరాల గురించి అంత రాసిన అధ్యాయంలోనే క్రమం గురించీ రాశాడు.

రెండో శతాబ్దం మధ్యలో జస్టిన్ మార్టిర్ అనే క్రైస్తవ రచయిత తన కాలపు ఆదివారం కూడిక గురించి రాసిపెట్టాడు. అపొస్తలుల జ్ఞాపకాలో, ప్రవక్తల రాతలో సమయం ఉన్నంతసేపు చదివేవారట. నడిపించేవాడు హెచ్చరిక చెప్పేవాడు. అందరూ లేచి ప్రార్థించేవారు. తర్వాత రొట్టె, ద్రాక్షారసం తెచ్చేవారు, నడిపించేవాడు తన శక్తి కొద్దీ కృతజ్ఞతా ప్రార్థన చేసేవాడు, జనమంతా ఆమేన్ అనేవారు. కలిగినవాళ్లు ఇచ్చిన సొమ్ము అనాథలకు, విధవరాళ్లకు, రోగులకు వెళ్లేది. చూడండి, క్రమం ఖాయంగా ఉంది, ఆ క్రమం లోపల ప్రార్థన మాటలకు స్వేచ్ఛ ఉంది. మీరూ అలాగే చేయండి. ఏది తర్వాత ఏదో రాసుకోండి. సందేశం అయ్యాక పది నిమిషాలు మాత్రం ఖాళీగా వదలండి. ఆ పది నిమిషాల్లో ఎవరైనా సాక్ష్యం చెప్పవచ్చు, మోకరించవచ్చు, ఊరికే కూర్చోవచ్చు. ఆ ఖాళీని క్రమంలోనే రాసి పెద్దాయనకు చూపించండి.

ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి అన్న సంగతి. పాటల లిస్టు దగ్గర మాత్రం కాదు. మంగళవారం నాటికి పాస్టర్ గారిని అడగండి, "అయ్యగారూ, ఈ వారం వాక్యభాగం ఏమిటి?" అని. ప్రసంగం ఇంకా సిద్ధం కాకపోయినా ఫరవాలేదు, భాగం తెలిస్తే చాలు. కొంతమంది కాపరులు శనివారం రాత్రి దాకా ఏదీ తేల్చరు. అలాంటప్పుడు ఒక సువార్తను వరసగా చదువుకుంటూ వెళ్దామని మీరే వినయంగా ప్రతిపాదించండి. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్ సంఘాల్లో ఏడాది పొడుగునా ఏ ఆదివారం ఏం చదవాలో పట్టిక ఉంటుంది కాబట్టి అక్కడివాళ్లకు ఈ ఇబ్బంది లేదు. స్వతంత్ర సంఘమైనా ఆ పట్టిక వాడుకోవడంలో తప్పేమీ లేదు.

ఉదాహరణకు ఈ వారం మార్కు 4:35–41 అనుకుందాం, యేసు తుఫానును గద్దించిన భాగం. సముద్రం ఒడ్డున బతికే మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆరాధనకు పిలుపుగా 107వ కీర్తనలో 23 నుంచి 32 వరకు చదివించండి. ఓడల మీద వెళ్లినవాళ్లు, ఆకాశానికి ఎగసి అగాధానికి దిగిన అలలు, కోరిన రేవు, అన్నీ అందులో ఉన్నాయి. మొదటి పాట దేవుని సృష్టి గురించో, ఆయన అధికారం గురించో ఉండాలి. పాపాల ఒప్పుకోలు ప్రార్థనలో శిష్యులు అడిగిన మాటనే తీసుకోండి, "మేము నశించిపోతున్నా నీకు చింత లేదా" అన్న ఆ మాటను. ఈ వారం మనం కూడా దేవుణ్ణి అలాగే అడిగాం కదా అని ఒక్క వాక్యం చెప్పి ఆగండి. ఒక నిమిషం నిశ్శబ్దం. ఆ నిమిషంలో కీబోర్డు కూడా మోగకూడదు. తర్వాత క్షమాపణను తెలియజేసే వాక్యం, ఆ వెంటనే కృతజ్ఞత పాట. సందేశం అయ్యాక ఆ వాక్యానికి సంఘం ఇచ్చే జవాబుగా, నమ్మకాన్ని చెప్పే ఒక నిదానమైన కీర్తన. ఇలా పేర్చుకుంటే ఇంటికి వెళ్లేవాళ్లకు ఆ రోజు దేవుడు తమతో ఏం మాట్లాడాడో గుర్తుంటుంది. ట్యూన్ బాగుందని వరసగా ఆరు పాటలు పాడితే అలా గుర్తుండదు.

మీ సంఘం నోరు ఎందుకు విప్పట్లేదో ఇక్కడినుంచి చెప్పగలను, ఎందుకంటే నేను వెళ్లిన చాలా చోట్ల మొదటి కారణం ఒకటే: స్కేల్, అంటే పాట ఎత్తుకునే శ్రుతి. రికార్డింగ్‌లో పాడినవాళ్లు శిక్షణ ఉన్న గాయకులు. వాళ్ల గొంతుకు సరిపోయే స్కేల్‌లోనే మీ కుర్రాళ్లు వాయిస్తున్నారు. చరణంలో పై స్థాయి వచ్చేసరికి కింద మగవాళ్లు ఆపేస్తారు, పెద్ద వయసు ఆడవాళ్లు పెదవులు మాత్రం కదుపుతారు. మామూలు జనం గొంతు కింది 'ఏ' నుంచి పై 'డి' దాకా హాయిగా వెళ్తుంది. అంతకు మించి పైన ఎక్కువసేపు నిలబెడితే అలిసిపోతారు. అందులోనూ ఉదయం తొమ్మిదిన్నరకు గొంతులు ఇంకా తెరుచుకోవు. రాత్రంతా సి షిఫ్ట్ చేసి స్టీల్ ప్లాంటు నుంచి నేరుగా వచ్చి కూర్చున్న అన్నయ్య గొంతు సంగతి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి రిహార్సల్లో పాటలో అన్నిటికన్నా పై స్వరం ఎక్కడుందో వెతకండి. అది 'డి' దాటుతుంటే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి రెండు మూడు మెట్లు కిందికి దించండి. పాడేవాళ్లలో ఎవరికైనా అది డల్‌గా అనిపించవచ్చు. ఒక్క ఆదివారం ఓపిక పట్టమనండి, కింద నుంచి వచ్చే శబ్దం విన్నాక మళ్లీ పైకి పెంచమని వాళ్లే అడగరు.

రెండో కారణం సౌండ్. రేకుల షెడ్డులాంటి హాల్లో ప్యాడ్స్ నిండా వాల్యూమ్ పెట్టి, మైకులకు ఎకో కలిపితే పక్కవాడి గొంతు పక్కవాడికి వినపడదు. తన గొంతు తనకే వినపడని మనిషి పాడడు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను మన మీద విరుచుకుపడింది, అదీ ఆదివారమే. మరుసటి ఆదివారానికి కూడా ఊళ్లో చాలాచోట్ల కరెంటు రాలేదు. పైకప్పులు లేచిపోయిన మందిరాల్లో, మైకు లేకుండా, వాద్యాలు లేకుండా జనం కూడుకున్నారు. ఆ రోజు పాడిన పాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పిల్లల గొంతు వేరుగా, ముసలివాళ్ల గొంతు వేరుగా తెలుస్తోంది, అందరిదీ కలిపి ఒకే పాటగా తెలుస్తోంది. అలా వినడానికి తుఫాను రానక్కర్లేదు. ప్రతి ఆదివారం ఒక పాట చివరి చరణానికి వాద్యాలన్నీ ఆపేయండి, పాడేవాళ్లు మైకుకు ఒక అడుగు వెనక్కి జరగండి. పల్లవి సంఘానికే వదిలేయండి.

పాతవా కొత్తవా అన్న తగువు గురించి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి, చాలా పాటల పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి లాంటివాళ్లు మన ఉత్తరాంధ్ర, గంజాం ప్రాంతాల్లో తిరుగుతూ తెలుగువాళ్ల చెవికి అలవాటైన పల్లవి, చరణాల కట్టుబాటులోనే సువార్తను పాడారు. చదువు రాని తల్లి కూడా పల్లవి రెండుసార్లు వింటే అందుకోగలదు, ప్రతి చరణం తర్వాత మళ్లీ అక్కడికే వస్తుంది. మీ అమ్మమ్మగారి తరం పుస్తకం చూడకుండా పాడగలగడానికి కారణం అదే. కాబట్టి ఆ కీర్తనలను బీట్ పెట్టి పరుగెత్తించకండి, వాటి నడకలో వాటిని నడవనివ్వండి. డోలక్, తాళాలు చాలు. ఉక్కపోత రోజుల్లో డోలక్ చర్మం జారిపోతుంది కాబట్టి ఆరాధనకు అరగంట ముందే బిగించుకోండి.

కొత్త పాటలు వద్దని నేను అనను. 1524లో అచ్చయిన లూథరన్ల మొదటి పాటల పుస్తకంలో ఉన్నవి 8 పాటలే, అవన్నీ అప్పటికి కొత్తవే. మాట సత్యమైనదైతే, వాక్యానికి సరిపోతే పాడదాం. అయితే నెలకు ఒక్కటి చాలు. ఆ ఒక్కటీ మొదటి వారం ఆరాధన మొదలయ్యే ముందు నేర్పండి, తర్వాత మూడు వారాలు వరసగా పాడండి. స్క్రీన్ మీద ఒక స్లయిడ్‌కు నాలుగు లైన్లు మించకూడదు, చరణం అయిపోకముందే స్లయిడ్ మారాలి. చదవడం రాని వాళ్లు ఎక్కువ ఉన్నచోట పాత పద్ధతే మంచిది: పాడే ముందు లైను మాటగా అందించడం. మన పల్లెల్లో పెద్దలు అలాగే అందించి పాడించేవారు. ఒక పాటలో 'నేను, నా, నాకు' తప్ప ఇంకేమీ లేకపోతే దాన్ని ఇంట్లో పాడుకోవడానికి ఉంచండి. సంఘంగా పాడేదాంట్లో దేవుడు ఎవరు, క్రీస్తు ఏం చేశాడు అన్నది వినపడాలి.

పాటల మధ్య మాటలు తగ్గించండి. "చేతులెత్తండి, గట్టిగా, ఇంకా గట్టిగా, ఏమిటీ నిద్రపోతున్నారా" అని మైకులో అదలించడం మన దగ్గర బాగా అలవాటైపోయింది. దయచేసి ఆ దారి పట్టకండి. శనివారం రాత్రి ఇంట్లో గొడవపడి, కళ్లు తుడుచుకుని వచ్చి కూర్చున్న అక్కను ఆ మాట ఇంకా దూరం చేస్తుంది. చేతులెత్తాలనిపించినవాళ్లు ఎత్తుతారు, వంచాలనిపించినవాళ్లు తల వంచుతారు. పాటకు ముందు ఒక్క వాక్యం, అదీ బైబిలు నుంచి. చాలు.

వాక్య పఠనం గురించి గట్టిగా చెప్పాలనుంది. తెలుగులో బైబిలు పని సాగిన ఊళ్లలో మన విశాఖ ఒకటి. 1805లో లండన్ మిషనరీ సొసైటీవాళ్లు ఇక్కడికి వచ్చి భాష నేర్చుకుని అనువాదానికి కూర్చున్నారు, 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది. అలాంటి ఊళ్లో ఈరోజు చాలా ఆరాధనల్లో ప్రసంగ వాక్యం రెండు వచనాలు తప్ప బైబిలు చదవడమే ఉండదు. తిమోతికి పౌలు చెప్పినవాటిలో మొదటిది చదవడం, ఆ తర్వాతే హెచ్చరించడం, బోధించడం. ప్రతి ఆదివారం పాత నిబంధన నుంచి ఒకటి, సువార్త నుంచి ఒకటి, కనీసం పది పదిహేను వచనాలు చదివించండి. చదివేవాళ్లకు గురువారమే భాగం వాట్సాప్ చేయండి. ఇంట్లో రెండు మూడుసార్లు పైకి చదువుకుని రమ్మనండి. మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి. అధ్యాయం చెప్పాక జనం పేజీ తీసేదాకా ఆగాలి, వచనానికీ వచనానికీ మధ్య ఊపిరి తీసుకోవాలి. పదో తరగతి చదివే అమ్మాయి చేత, రిటైరైన పెద్దాయన చేత, అందరి చేతా చదివించండి. 136వ కీర్తన ఉంది కదా, చదివేవాళ్లు సగం చదువుతారు, "ఆయన కృప నిరంతరముండును" అని సంఘమంతా అంటుంది. 26 సార్లు. చదువు రానివాళ్లు కూడా మూడోసారికి కలుస్తారు. ఆరాధనలో సంఘానికి మాట ఇవ్వడం అంటే ఇదే, దీనికి వాద్యాలు కూడా అక్కర్లేదు.

విజ్ఞాపన ప్రార్థన, అంటే ఇతరుల అవసరాల కోసం చేసే ప్రార్థన, ఒక్కరే చేసి, అదీ పాస్టర్ గారే చేసి, ముందు వారం మాటలే మళ్లీ వస్తే సంఘం మనసు ఎటో పోతుంది. ఈ ప్రార్థనను ఆ వారం మన మనుషులు బతికిన బతుకులోంచి తయారుచేయండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మీ సంఘంలో జాలరి కుటుంబాలు ఉంటే ఆ రెండు నెలలు వాళ్ల పొయ్యి గురించి పేరుపేరునా ప్రార్థించాలి, కానుకలోంచి ఒక పాలు వాళ్ల ఇళ్లకు చేరాలి. కేజీహెచ్ ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసే నర్సు, ఓడ మీద నెలల తరబడి ఉండే నేవీ అబ్బాయి, కాంట్రాక్టు పని పోయిన తండ్రి, ఇంటర్ ఫలితాల కోసం ఎదురుచూసే పిల్లలు. శనివారం సాయంత్రం ముగ్గురు నలుగురికి ఫోన్ చేస్తే మీ కాగితం నిండిపోతుంది. బయటికి చెప్పకూడని సంగతులు మాత్రం అడగకుండా మైకులో చెప్పకండి. పరిపాలకుల కోసం, మన ఊరి కోసం కూడా ప్రార్థించాలి. ఒక్కొక్క మనవి తర్వాత "ప్రభువా, మా ప్రార్థన వినుము" అని అందరిచేతా చెప్పించండి.

దుఃఖానికి ఆరాధనలో చోటు ఇవ్వడం చాలా సంఘాలు మర్చిపోయాయి. కీర్తనల గ్రంథంలో దాదాపు మూడో వంతు విలాపాలే. 88వ కీర్తన చీకటి దగ్గరే ముగుస్తుంది, దాన్ని కూడా దేవుడు మన చేతికిచ్చాడు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన గ్యాస్ పీల్చి జనం రోడ్డు మీద పడిపోయారు. అలాంటి వారం తర్వాత వచ్చే ఆదివారాన్ని చప్పట్ల పాటతో మొదలుపెడితే బాధలో ఉన్నవాడు ఇది నా చోటు కాదనుకుంటాడు. "ఎన్నాళ్లు ప్రభువా" అని అడిగే 13వ కీర్తన చదివించండి. అందులో చివర నమ్మకమూ ఉంది, కానీ తొందరపెట్టి అక్కడికి లాక్కెళ్లకండి. సంఘంలో ఎవరైనా చనిపోయిన వారం కూడా అంతే.

ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం) ఉన్న ఆదివారం సందేశాన్ని పావుగంట తగ్గించమని పాస్టర్ గారిని ముందే అడగండి. పన్నెండున్నర దాటాక, పిల్లలు ఏడుస్తుంటే, హడావుడిగా బల్ల ముగించడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. మోకాళ్ల నొప్పులతో ముందుకు రాలేనివాళ్ల దగ్గరికి బల్ల వెళ్లాలి. 1950లో సీఎస్ఐ తయారుచేసుకున్న బల్ల ఆరాధన క్రమంలో సమాధానాన్ని, అంటే క్రీస్తు శాంతిని, చేతి నుంచి చేతికి అందించే పద్ధతి పెట్టారు, బల్ల దగ్గర మొదలై చివరి వరస దాకా. మీ సంఘంలో అలవాటు లేకపోయినా పాస్టర్ గారితో మాట్లాడి చూడండి. మాటలు లేని అన్నదమ్ములు ఇద్దరు ఒకే వరసలో ఉంటే అది చిన్న విషయం కాదు.

ప్రకటనలు ఆరాధన మొదలయ్యే ముందు పెట్టేయండి. నేవీ కుటుంబాలు వస్తుంటే ఒక వాక్యభాగం హిందీలో కూడా చదివించండి. రిహార్సల్ శుక్రవారం సాయంత్రం గంటన్నర మించకుండా, ఆడపిల్లలు వేళకు ఇళ్లకు చేరేలా చూసుకోండి. మొదటి పావుగంట ఆ వారం వాక్యభాగం కలిసి చదవండి, తర్వాతే వాద్యాలు ముట్టుకోండి.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, వాక్యభాగం, పాడిన పాటలు, ఏ స్కేల్, సంఘం ఎక్కడ బాగా అందుకుంది, ఎక్కడ ఆగిపోయింది. మూడు నెలలు రాస్తే మీ సంఘానికి నిజంగా వచ్చిన పాటలు ఎన్నో తెలుస్తుంది. పాతిక ముప్పై తేలితే సంతోషించండి, ఏడాది వాటితోనే హాయిగా నడుస్తుంది.

అన్నీ ఒకేసారి మార్చకండి. మొదటి నెలలో రెండే చేయండి: స్కేల్ దించండి, విజ్ఞాపన ప్రార్థన సిద్ధం చేసుకుని వెళ్లండి. రెండో నెలలో వాక్య పఠనం. ఒప్పుకోలు ప్రార్థన, నిశ్శబ్దం లాంటివి ఆ తర్వాత, అదీ పాస్టర్ గారు, పెద్దలు ఒప్పుకున్నాకే. రాబోయే ఆదివారం వాక్యభాగం ఏమిటో, మీ సంఘానికి బాగా వచ్చిన పది పాటలేమిటో రాయండి. ఆ రోజుకు క్రమం ఎలా పేర్చవచ్చో చూసి చెబుతాను.